ఒడిలో వేసిన పిల్ల

జూన్ 9, సోమవారం

దరఖాస్తు ఇచ్చి వచ్చాను. హమ్మయ్య!

ఆదిలాబాద్ జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో సోషల్ వర్కర్ పోస్టు. ఒక్కటంటే ఒక్కటే. కాంట్రాక్టుదే అనుకో, అయినా సర్కారుది. కరీంనగర్‌లో తొలి బస్సు ఎక్కి పోతే అక్కడ ఆఫీసు ముందు అప్పటికే వరుస కట్టి ఉన్నారు. ఎమ్మెస్‌డబ్ల్యూ చదివినవాళ్ళు ఇంతమంది ఉన్నారని నాకు ఇవాళే తెలిసింది. మా క్లాసులో చదివిన జమున కూడా వచ్చింది. నన్ను చూసి చూడనట్టు తల తిప్పుకుంది. తిప్పుకోనీ, దాని మెడ దానిష్టం.

నేను ఏడో తరగతి దాకా ఆదిలాబాద్‌లోనే చదివాను. మా బాపు అక్కడ జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. అందుకని నేను అక్కడి లోకల్ కిందే లెక్క. కాగితాలు తీసుకునే సారు వాటిని అటూ ఇటూ తిప్పి, "అత్తగారిల్లు కరీంనగర్, నౌకరి ఆదిలాబాద్‌లనా? వచ్చినంక బదిలీ బదిలీ అని మా పానం తియ్యద్దమ్మా" అన్నాడు.

"ముందుగాల రానియ్యున్రి సార్" అన్నాను.

'పిల్లలు' అన్న గడిలో 'ఒకరు' అని రాశాను. అలేఖ్య పేరు రాశాను. తప్పేముంది? ఉన్నది ఒక్కతే కదా.

జూన్ 12, గురువారం

బడి తెరిచారు. అలేఖ్య ఒకటో తరగతికి వచ్చింది. కొత్త బూట్లు కరుస్తున్నాయని గేటు దగ్గరే కూర్చుంది. నేను బతిమాలితే లేవలేదు. మా అత్త కొమురవ్వ "బూట్లకు పండ్లుంటయా బిడ్డా, ఏది సూపియ్యి?" అనేసరికి నవ్వి లేచింది.

అత్త చొప్పదండిలో ఇల్లు తాళం వేసుకొని పిల్ల కోసమే మా దగ్గర ఉంటోంది. నేను గైడు ముందు పెట్టుకొని కూర్చుంటే ఆమెకు నవ్వు. "నీకు నౌకరొస్తే గీ ఇంట్ల ఉప్పేడున్నదో పప్పేడున్నదో నన్నే అడుగుతవ్" అంది. ఇప్పుడు మాత్రం ఎవరిని అడుగుతున్నాను?

జూన్ 26

మెరిట్ జాబితా వచ్చింది. మూడో పేరు నాది. హమ్మయ్య. కంప్యూటర్ పరీక్ష, ఇంటర్వ్యూ ఆగస్టులో అట.

దుబాయి నుంచి మా ఆయన ఫోను చేసి, "మేడం గారూ, జర మమ్మల్ని గుర్తువెట్టుకోన్రి" అన్నాడు. ఎకసెక్కం. అయినా గొంతులో సంతోషం దాగలేదు.

జూలై 3

ఇవాళ గైడులో బాలల న్యాయ చట్టం తీశాను. ఎనభైయో సెక్షను. చట్టం చెప్పిన పద్ధతి కాకుండా పిల్లను దత్తతకు ఇచ్చినా తీసుకున్నా జైలు. ముఖ్యమైన ప్రశ్న అని గైడు రాసినాయన పక్కన నల్లచుక్క కూడా పెట్టాడు.

పుస్తకం మూసి బియ్యం ఏరాను. సన్నబియ్యం. ఒక్క రాయి లేదు. అయినా చాటెడు ఏరాను.

నేనేమైనా దొంగతనం చేశానా? స్వచ్ఛంద సంస్థలో పనిచేసిన రోజుల్లో ఒక ఇంటికి పోయి పసిపిల్లను తీసుకొచ్చాం. ఆ ఇంటామె ఎవరి దగ్గరో పిల్లను కొనుక్కుంది. ఆటో వెనక ఎంత దూరం ఉరికొచ్చిందో! అప్పుడు నేను అటు చూడలేదు. ఆమె కొనుక్కుంది. నేను కొనుక్కోలేదు.

అలేఖ్య ఆదిలాబాద్‌లో ఉండే మా అక్క వినోద బిడ్డ. ఇది నాకు తెలియనిదా, కానీ ఇవాళ ఒకసారి రాసుకోవాలనిపిస్తోంది. అక్కకు ముందు ఇద్దరు ఆడపిల్లలు, తరువాత ఇది. పుట్టిన నెలలోనే అక్కకు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. పాలు పట్టొద్దు, పిల్లను దగ్గరికి తీసుకోవద్దు అన్నారు డాక్టర్లు. నాకప్పటికి రెండుసార్లు కడుపు నిలవలేదు. పిల్లను నేను తెచ్చుకున్నాను, నాలుగు రోజులకని. ఆ వెంటనే కరోనా. నాలుగు రోజులు పది నెలలు అయ్యాయి. అక్కకు నయమయ్యాక తీసుకుపోయి ఇచ్చాను. నిజంగానే ఇచ్చాను. పిల్ల అక్క చంకలో ఉండి నా దిక్కు చేతులు చాపి, నీలిగి నీలిగి ఏడ్చింది. అక్క దాన్ని అట్లాగే చూసి, "తీస్కపోవే. నీ దగ్గర్నే ఉండనీ" అంది.

ఊరికే తీసుకుపోవద్దని అడ్డం పడింది మా అత్త. "అడుక్కున్న పిల్ల కాదు, ఎత్తుకొచ్చిన పిల్ల కాదు. పద్ధతి ప్రకారం ఒడిల ఎయ్యాలె" అని పట్టుబట్టింది. అక్క ఇంటి వసారాలో నన్ను పీట మీద కూర్చోబెట్టింది. ఒడిలో పసుపు బియ్యం, బెల్లం ముక్క. మా ఆయన దుబాయిలో చిక్కుకుపోయి ఉన్నాడు, విమానాలు దొరకడం లేదు. అందుకని వీడియో కాల్ కలిపి ఫోనును నా పక్క పీట మీద నిలబెట్టి, ఆ ఫోనుకే బొట్టు పెట్టింది. అక్క, కొండల్ బావ ఇద్దరూ కలిసి పిల్లను నా ఒడిలో వేసి "ఇగ మీ బిడ్డ" అన్నారు. సరిగ్గా అప్పుడే సిగ్నల్ పోయింది. "మా మల్లేశం సూడకుంటెట్ల?" అని అత్త మళ్ళీ మొదటి నుంచి చేయించింది. ముక్కుకు గుడ్డలు కట్టుకున్న పదిమంది చుట్టాలు అంత దుఃఖంలోనూ నవ్వారు.

అంతే జరిగింది. కాగితం ముక్క లేదు. బడిలో తల్లి పేరు నర్మద అని నా పేరే రాయించాను. పుట్టిన సర్టిఫికెట్ మీద తల్లి వినోద.

జూలై 6

ఎనభైయో సెక్షను వదిలేసి మిగతావి చదువుతున్నాను. మంచిగా వస్తున్నాయి.

జూలై 20, ఆదివారం

అక్క ఫోను చేసింది. ఈమధ్య తనే చేస్తోంది.

"ఇంటర్వ్యూల పిల్ల ముచ్చట అడుగుతరానే?"

"పిల్ల ముచ్చట ఎందుకడుగుతరక్కా? సెక్షన్లు అడుగుతరు."

"ఊకెనే అడిగిన." కొంచెం ఆగింది. "నౌకరొస్తే ఇగ ఆదిలాబాద్‌లనే ఉంటరు గద. దాని బర్త్ సర్టిఫికెట్ నా పెట్టెలనే ఉన్నది. యాదికున్నదా?"

యాదికి ఉందా అంటే ఏమిటి అర్థం? అయిదేళ్ళలో ఎప్పుడూ ఎత్తని సర్టిఫికెట్ మాట ఇవాళ ఎందుకు గుర్తొచ్చింది? మా ఇల్లు దగ్గరికి వస్తుంది, పిల్ల రోజూ కళ్ళ ముందు తిరుగుతుంది. జబ్బు తగ్గింది. చేతుల్లో బలముంది. కన్న ప్రేమ ఎక్కడికి పోతుంది?

మా ఆయనకు చెబితే, "నీకు పనిలేక పరేషాన్ అయితున్నవ్. వదిన గసొంటిది కాదు. జర నిమ్మలంగుండు" అన్నాడు. దుబాయిలో ఉంటే నిమ్మళంగానే ఉంటుంది.

ఆగస్టు 5

అలేఖ్యకు జ్వరం. ఏమీ చదవలేదు. తగ్గింది. హమ్మయ్య.

ఆగస్టు 18, సోమవారం, ఆదిలాబాద్

రేపు ఇంటర్వ్యూ. అక్క ఇంట్లో దిగాను. పిల్లను తీసుకురాలేదు, బడి పోతుందని. నిజంగా బడి పోతుందనే.

అక్క తలుపు తీసి నా వెనక చూసింది. వాకిలి దాకా చూసింది. "ఒక్కదానివే వచ్చినవా?" అంది. ఆ మాటలో ఏముందో నాకు అంతు పట్టలేదు. పక్కింటి మరాఠీ ఆమె గోడ మీది నుంచి తల పెట్టి "తాయీ, మీ చెల్లెకు కలెక్టరాఫీసుల నౌకరి పడుతుందట గద!" అంది. ఊరంతా చెప్పుకున్నట్టుంది అక్క.

నడిమి గదిలో గోడకు ఆనించి ఒక మడత మంచం ఉంది. చిన్నది, పిల్లల సైజుది. కొత్తది. ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. అక్క బిడ్డలిద్దరూ పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళ కాళ్ళు పట్టవు దాని మీద.

"ఎవరికే గది?" అన్నాను.

"ఊకెనే. సంతల కనవడ్డది."

కొండల్ బావ లేచి బయటికి పోయాడు. బావ డీసీఎం వ్యాను నడుపుతాడు. ఎంత ట్రాఫిక్‌లోనైనా ముఖం ఇంత ఇబ్బందిగా పెట్టడు.

అన్నం సయించలేదు. ఇంటర్వ్యూ భయం.

ఆగస్టు 19, మంగళవారం, తిరుగు బస్సులో

బస్సు కుదుపులకు అక్షరాలు వంకరపోతున్నాయి. పోనీ. ఇది ఇవాళే రాయాలి.

కంప్యూటర్ పరీక్ష సులువుగానే అయింది. తరువాత లోపలికి పిలిచారు. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో పెద్దసారు, ఆయనకు ఎడమ పక్కన ఫైలు తిప్పే ఆమె, కుడి పక్కన జానకీబాయి అనే ఆ విభాగం వకీలు. తెల్లజుట్టు, చేనేత చీర, చేతిలో చల్లారిన టీ. ముందు అవీ ఇవీ అడిగారు. హెల్ప్‌లైన్ నంబరు, బాల్యవివాహం, బడి మానేసిన పిల్లలు. అన్నీ చెప్పాను. తరువాత జానకీబాయి అంది:

"ఒక ఇంట్ల అక్క బిడ్డ చెల్లె దగ్గర పెరుగుతుంది. కాయితాలు ఏం లెవ్వు. ఎవరో నీకు ఫోన్ జేసి చెప్పిన్రు. నువ్వు సోషల్ వర్కర్‌వి. ఏం జేస్తవ్?"

నా చెవులు మూసుకుపోయాయి. ఎవరు చెప్పారు ఈమెకు? దరఖాస్తులో ఒక్క పేరేగా రాశాను! అప్పుడు నా నోరు దానంతటది మొదలుపెట్టింది.

"ఎనభైయో సెక్షన్ కింద నేరం మేడం. పిల్లను అక్కడి నుంచి తీసుకొని ఇరవై నాలుగు గంటల లోపల బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరుస్తాను. ఇచ్చినవాళ్ళ మీద, తీసుకున్నవాళ్ళ మీద కేసు పెట్టమని రిపోర్టు రాస్తాను."

ఒక్క తప్పు పోలేదు. గుక్క తిప్పుకోలేదు. అయిదేళ్ళు పెంచిన పిల్లను అర నిమిషంలో నా నోటితో నేనే ఆటో ఎక్కించాను. పెద్దసారు తల ఊపాడు. జానకీబాయి ఊపలేదు.

"అంటే పిల్లను లేపుకొస్తవన్నట్టు."

"అవును మేడం."

"ఎవరినీ ఏం అడగవా? అక్క ఎందుకిచ్చింది, ఎట్లిచ్చింది? పదిమంది ముందట ఇచ్చిందా, చాటుకిచ్చిందా? పైసలు ముట్టినయా? ఇంత కూసుండి, నీళ్ళు తాగి, అడగవా బాయీ?"

నేను అనుకోని మాట బయటికి వచ్చింది.

"పీట మీద కూసోబెట్టి ఒడిల ఏసిన్రు మేడం."

"ఎవరి ఒడిల?"

"నా ఒడిల."

పెద్దసారు పెన్నుకు మూత పెట్టాడు. నేను ఏడవలేదు, అది మాత్రం నాకు బాగా గుర్తుంది. చీర కొంగును మెలిపెట్టి పట్టుకున్నాను అంతే. జానకీబాయి కుర్చీ ముందుకు జరుపుకొని ఒక్కొక్కటీ అడిగింది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నారా? ఉన్నారు. ఇద్దరూ కలిసే ఇచ్చారా? కలిసే. నీకు సొంత పిల్లలున్నారా? లేరు. పైసలు? రామ రామ, ఒక్క రూపాయి లేదు, మా అత్త అక్కకు చీర పెట్టింది. బడిలో తల్లి పేరు? నాదే రాయించాను. మీ ఆయన ఒప్పుకున్నడా?

"ఒప్పుకున్నడు మేడం. దుబాయిల ఉండె. ఫోన్ల నుంచి చూసిండు. ఫోనుకు బొట్టు పెట్టిన్రు. సిగ్నల్ పోతే మా అత్త మళ్ళ చేయించింది."

ఫైలు తిప్పే ఆమె కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. జానకీబాయి మాత్రం బాహాటంగా నవ్వింది.

"మీ అత్త తెలిసి జేసిందో తెల్వక జేసిందో గని, బరాబర్ జేసింది. హిందూ దత్తత చట్టమని ఒకటున్నది. ఇచ్చేటోళ్ళు ఇయ్యాలె, తీసుకునేటోళ్ళు తీసుకోవాలె, పిల్ల చెయ్యి మారాలె. గదే అసలు ముచ్చట. కాయితం తర్వాత. నువ్వు చదివిన ఎనభై, దిక్కులేని పిల్లల గురించి. అదే చట్టంల యాభై ఆరు చదివినవా? గసొంటి దత్తతలతోని మాకు పనిలేదని అండ్ల్నే రాసి ఉన్నది."

చదవలేదు. ఎనభై దగ్గర భయపడి పుస్తకం మూసి బియ్యం ఏరుకున్న మనిషిని కదా!

"మేడం, నేను చేసింది..."

"నీ పిల్ల నీదే. ఇక్కడ ఇంటికొకటి ఉంటది గిసొంటి ముచ్చట, అందుకే అడిగిన. గని ఒకటి చెప్త విను. సబ్ రిజిస్ట్రార్ దగ్గర దత్తత పత్రం రాయించుకో. మీ అక్క, బావ, మీ ఆయన, అందరు వచ్చి సంతకం పెట్టాలె. ఫోన్ల కాదు. ఇంకోటి, బడిల తల్లి పేరు నీ ఇష్టమొచ్చినట్టు రాయించినవ్ సూడు, అది మాత్రం తప్పు. సక్కజేసుకో." టీ ఒక గుక్క తాగి, చల్లారిందని ముఖం చిట్లించింది. "ఇగ నౌకరి సంగతి. నువ్వు చెప్పిన జవాబు తప్పు. తప్పుకు తప్పు మార్కులే పడ్తయ్, ఏమనుకోకు."

"పడనియ్యున్రి మేడం" అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను.

బయటికి వచ్చి బండి దగ్గర రెండు ప్లేట్లు మిర్చి బజ్జీ తిన్నాను. నోరు మండి కళ్ళ నీళ్ళు కారాయి. ఇంత రుచి ఎప్పుడూ తినలేదు. నౌకరి పోతే పోయింది. పిల్ల నాది, పిల్ల నాది, పిల్ల నాది.

అక్క ఇంటికి మళ్ళీ పోలేదు. బస్సుకు టైమైందని ఫోను చేసి చెప్పాను. సంతకం సంగతి చెప్పలేదు. ఫోనులో చెప్పే మాటా అది?

ఆగస్టు 20

అత్తకు అంతా చెప్పాను. వింటున్నంతసేపూ వెల్లుల్లి పొట్టు తీస్తూనే ఉంది. చివర్లో, "గంత చదువు చదివి గీ మాత్రం తెల్వదా? ఒడిల ఏసినంక ఇగ ఎవని మాటేంది?" అంది. నాకు ఆమెను పట్టుకొని ముద్దు పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. "థూ, ఏంది పిల్లా గిది" అని చెంప తుడుచుకుంది.

సెప్టెంబర్ 12

నౌకరి జమునకు వచ్చింది. నేను వెయిటింగ్‌లో మొదటి పేరు.

ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. కొంచెం కడుపు మండింది, అంతే.

సెప్టెంబర్ 21

ఎంగిలిపూల బతుకమ్మ. అలేఖ్య తంగేడు కట్టలు మోసి మోసి ముక్కుకంతా పసుపు చేసుకుంది. అక్క ఫోను చేసింది, పిల్లకు ఇచ్చాను. "పెద్దమ్మా, నా బతుకమ్మ నాకంటే పొడుగున్నది!" అని అబద్ధమాడింది. అక్క నవ్వు నాకు వినిపించింది.

సంతకం సంగతి అడగలేదు. పండుగపూట ఎందుకు?

అక్టోబర్ 8

అడగలేదు. నౌకరే రాలేదు, అంత తొందరేముంది? మా ఆయన వచ్చాక చూద్దాం.

అక్టోబర్ 27

అక్క ఈమధ్య ఫోను చేయడం లేదు. నేనూ చేయలేదు. ఆ మంచం కవరు తీశారో లేదో.

నవంబర్ 11, మంగళవారం

జమున ఫోను! "నర్మదా, నాకు గురుకులంల పర్మనెంట్ వచ్చిందే. నేనా పోస్టుల చేరుతలేను. వెయిటింగ్‌ల నువ్వే గద, ముందుగాల నీకే చెప్తున్న" అంది. తరువాత గొంతు తగ్గించి, "ఆ దినం నిన్ను సూడనట్టు పోయిన. నువ్వుంటే నాకు రాదని గుబులైంది. మనసుల పెట్టుకోకు" అంది.

"ఏ దినం? నేనసలు నిన్ను సూడనేలేదు" అన్నాను. ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం నవ్వుకున్నాం. హమ్మయ్య, హమ్మయ్య, హమ్మయ్య!

నవంబర్ 24, ఆదిలాబాద్

చేరాను. కుర్చీకి ఒక కాలు పొట్టి. కింద మడత పెట్టిన అట్ట పెట్టాను. నా కుర్చీ.

ఇల్లు అక్క వాళ్ళకు రెండు వీధుల అవతల దొరికింది. దూరంగా వెతికాను. దొరకలేదు.

డిసెంబర్ 16

మొదటిసారి ఒక్కదాన్నే ఇంటి విచారణకు పోయాను. ఊరి పేరు ఇక్కడ రాయను. ఎవరో ఫోను చేసి, ముసలామె ఎవరి పిల్లనో పెట్టుకుందని చెప్పారట. ఆమె నన్ను చూడగానే పిల్లను వెనక్కి లాక్కుంది. నేను అరుగు మీద కూర్చున్నాను. "ముందుగాల ఇన్ని మంచినీళ్ళియ్యవ్వా" అన్నాను. చెంబు తెచ్చి ఇచ్చేసరికి ఆమె కొంచెం కుదుటపడింది. సొంత మనవరాలే. కూతురు కూలికి మహారాష్ట్ర పోయింది.

జానకీబాయి రిపోర్టు చదివి, "నీళ్ళు తాగినట్టున్నవ్" అంది.

జనవరి 18, 2026, ఆదివారం

మా ఆయన వచ్చాడు. రెండు నెలల సెలవు. అలేఖ్య తలుపు చాటు నుంచి చూసి, "బాపూ, మళ్ళ ఫోన్లకు పోతవా, ఇట్లనే ఉంటవా?" అని అడిగింది. మనిషి నవ్వబోయి నవ్వలేకపోయాడు.

ఇక సాకులు లేవు. సాయంత్రం అక్క ఇంటికి పోయి అడిగాను. గురువారం రిజిస్ట్రార్ ఆఫీసుకు రావాలి, ఒక కాగితం మీద సంతకం పెట్టాలి అని. అక్క చేతిలో జొన్నరొట్టె పెనం మీదికి పోకుండా ఆగిపోయింది.

"సంతకమెందుకే మళ్ళ?"

"నౌకరిల ఉన్న గదక్కా. కాయితం ఉంటె మంచిదన్నరు."

"సూద్దాం" అంది. రొట్టెను పెనం మీద వేసింది. మడత మంచం గోడకే ఆని ఉంది. కవరు తీసి ఉంది.

జనవరి 20

అక్క ఫోను ఎత్తలేదు.

జనవరి 21

బావ ఎత్తాడు. "వస్తం, వస్తం" అన్నాడు. అక్క గొంతు వినిపించలేదు. దేవుడా, ఆమె అడిగితే నేనేం చెప్పాలి? కన్నది ఆమె. "నా బిడ్డను నాకియ్యి" అంటే ఏ సెక్షను చూపించాలి?

జనవరి 22, గురువారం

అన్నీ వరుసగా రాస్తాను.

పొద్దున అత్త మా అందరినీ అక్క ఇంటికి తోలుకుపోయింది. ఆఫీసు కంటే ముందు ఆమెకు పని ఉందట. వసారాలో పీట వేసి మా ఆయనను కూర్చోమంది. "గప్పుడు ఫోనుకు బొట్టు పెట్టిన. గిప్పుడు నొసటికి పెట్టాలె. నా కండ్ల ముందట నా కొడుకు ఒడిల పడాలె పిల్ల" అంది. ఆరేళ్ళ పిల్ల, కాళ్ళు పీట దాటి అంత దూరం పోయాయి. "బాపూ, నీ మోకాళ్ళు గుచ్చుకుంటున్నయ్!" అని కేకలు. పసుపు బియ్యం తీసి నోట్లో వేసుకుంది. అందరూ నవ్వారు. అక్క ఒక్కతే నవ్వలేదు. బావతో పాటు వంగి, పిల్ల వీపు మీద చేయి పెట్టి, తీసేసింది.

రిజిస్ట్రార్ ఆఫీసులో ఆఫీసరు పత్రమంతా చదివి వినిపించాడు. తరువాత అక్క దిక్కు చూసి, "ఏమ్మా, మీ ఇష్టంతోనే ఇస్తున్నరా? ఎవరన్న బలవంతం జేసిన్రా?" అన్నాడు.

అక్క కొంగు సర్దుకుంది. ఆయన మళ్ళీ అడిగాడు. అక్క పిల్లను చూసింది. పిల్ల నా చెప్పులు తొడుక్కొని టకటకా నడుస్తోంది.

"గప్పుడే ఇచ్చిన సార్, ఎన్నడో" అంది అక్క. "గిప్పుడు సంతకం పెడుతున్న, అంతే."

పెట్టింది. బావ పెట్టాడు. మేము పెట్టాం. జానకీబాయి సాక్షి సంతకం పెడుతూ నా దిక్కు ఒకసారి చూసింది.

ఇంటికి వచ్చాక అక్క, నేను నడిమి గదిలో ఇద్దరమే మిగిలాం. ఇక ఆగలేక అడిగేశాను.

"అక్కా, నిజం చెప్పు. ఆ మంచం ఎవరికి కొన్నవ్?"

"దానికే."

"తీసుకుంటవనుకున్న! నాకు తెల్సు, పిల్లను తీసుకుంటవనే..."

"తీసుకునుడా?" అక్క నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నువ్వు తెచ్చి ఇస్తవనుకున్ననే నేను! చిన్నప్పటి సంది రూలంటే రూలే గద నీకు. పక్కింట్ల నేను జామకాయ తెంపుకొస్తె బాపుకు చెప్పినదానివి. గీ నౌకరొస్తుందనంగనే నా గుండెల రాయి పడ్డది. కాయితం లేదని, రూలు కాదని, పిల్లను తెచ్చి నా గడపల నిలవెడ్తవేమో అనుకున్న. వస్తె ఏడ పండుకుంటదని మంచం కొన్న. బర్త్ సర్టిఫికెట్ ముచ్చట గూడ అందుకే తీసిన. మొన్న సంతకమన్నవ్, వాపసు ఇచ్చే సంతకమేమో అనుకొని ఫోన్ ఎత్తలే. పొద్దున పీట ఏసినా నమ్మకం కుదరలే, ఆఫీసరు చదివి చెప్పినంక అర్థమైంది."

"నీకు... వద్దానే?"

"వద్దనుడు కాదు" అంది అక్క. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నా చంకల ఉండి నీ కోసం ఎట్లేడ్చిందో ఒక్కసారి చూసిన. ఇంకోసారి సూడలేనే. నన్ను పెద్దమ్మ అని పిలుస్తది గద, గా పిలుపు చాలు నాకు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియలేదు. నువ్వు గుంజుకుంటావని నేను, నేను వదిలేస్తానని నువ్వు, నడుమ ఈ మంచం గోడకు ఆని అయిదు నెలలు! అక్కకు అదే చెప్పాను. "పైసలు దండుగ" అంది అక్క. ఇద్దరం గట్టిగా నవ్వేసరికి అత్త తలుపులో నుంచి తొంగి చూసి, "ఏమైందే?" అంది. చెబితే ఆమె మంచం చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో నొక్కి చూసి, "ఎవరికి వద్దంటె నాకియ్యున్రి. నడుము వాల్చుకుంట" అంది. అలేఖ్య ఊరుకుంటుందా? "నా మంచం! పెద్దమ్మింట్ల నా మంచం! వచ్చినప్పుడు పండుకుంట!" అని ఎక్కి కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగి నిద్రపోయింది, పొద్దున్నుంచి తిరిగిన తిరుగుడు మరి.

అక్క దాని కాళ్ళకున్న నా చెప్పులు విప్పి కింద పెట్టింది. దుప్పటి కప్పింది. నా పక్కన గోడకు ఆనుకొని, కాళ్ళు బారజాపుకొని కూర్చుంది.

"హమ్మయ్య" అంది.

ఈ డైరీలో ఆ మాట నేను ఎన్నిసార్లు రాసుకున్నానో. ఇవాళ మాత్రం నాకంటే ముందు అక్క అంది.